విమానం ఎక్కేలోగా ఇంటి లెక్కలు తేల్చుకోవడం ఎలా?

కువైట్‌తో సంబంధం లేని వీధి కడపలో అరుదు. ఉమ్మడి జిల్లాలోని రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాల సంగతి చెప్పనక్కరలేదు. చదువు కోసం, ఉద్యోగం కోసం అమెరికా, కెనడా, జర్మనీ దారి పట్టినవారు కూడా ఇప్పుడు ప్రతి కాలనీలోనూ కనిపిస్తారు. ఇంతమందికి అనుభవంలో ఉన్న ప్రయాణమే అయినా, బయలుదేరే ముందు ఇంటి బిల్లులను, బాకీలను, ప్రభుత్వానికి తెలియజేయవలసిన విషయాలను ఏ వరుసలో తేల్చుకోవాలో చెప్పేవారు తక్కువ. వీసా, మెడికల్, టికెట్టు చుట్టూ తిరిగేసరికి చివరి వారం వచ్చేస్తుంది. ఆ వారంలో చేతిలో ఉన్న డబ్బుతో కరెంటు బిల్లు, ఇంటి పన్ను, కిరాణా కొట్టు ఖాతా, పాల లెక్క కట్టేసి, అన్నీ అయిపోయాయన్న నమ్మకంతో మనిషి బయలుదేరతాడు.

నిజానికి కట్టవలసిన డబ్బు కట్టేయడంతో సగం పనే అవుతుంది. ఆ కరెంటు సర్వీసు, ఆ పన్ను అసెస్‌మెంటు, ఆ బ్యాంకు ఖాతా, ఆ మోటారు సైకిలు ఎవరి పేరు మీద ఉన్నాయో వారి మీదే వాటి బాధ్యత వచ్చే నెలా, వచ్చే ఏడూ కొనసాగుతుంది. పేరున్న మనిషి ఇక్కడ ఉండడు. ఇక్కడ ఉన్న మనిషికి సంతకం చేసే అధికారం ఉండదు. విదేశాలకు వెళ్లిన కుటుంబాలకు ఎదురయ్యే చిక్కుల్లో అధిక భాగం ఈ ఖాళీలోనే పుడతాయి. అందుకని ప్రతి లెక్క దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇప్పుడు ఎంత కట్టాలి, రేపటి నుంచి దీనికి ఎవరు జవాబు చెప్పాలి?

వివరంగా చూడటానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కడప ఎర్రముక్కపల్లెలో సొంత ఇల్లు, మైదుకూరు వైపు తండ్రి ఇచ్చిన మూడెకరాల పొలం, ఒక మోటారు సైకిలు, బ్యాంకులో భార్య నగల మీద తీసుకున్న అప్పు, సగం దూరం వచ్చిన ఒక చీటీ, తెలిసినవారి దగ్గర రాసిచ్చిన ఒక ప్రోనోటు ఉన్న మనిషి కువైట్‌లో కంపెనీ ఉద్యోగానికి వెళుతున్నాడు. భార్యాపిల్లలు కొంతకాలం తరువాత వెళ్లి అక్కడ చేరతారు. అప్పుడు ఇల్లు అద్దెకు ఇస్తారు.

నెలవారీ బిల్లులు

వీటిలో మెలికలు తక్కువ. రాయలసీమ జిల్లాలకు కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఎస్పీడీసీఎల్. ఇంటికి తాళం వేసి యూనిట్లు కాలకపోయినా స్థిర ఛార్జీలతో బిల్లు వస్తూనే ఉంటుంది కాబట్టి, మీటరు ఉన్నంతకాలం ఎవరో ఒకరు చూసుకోవాలి. బిల్లు నిలిచిపోతే 2003 విద్యుత్ చట్టంలోని 56వ సెక్షను ప్రకారం పదిహేను రోజులకు తక్కువ కాకుండా రాతపూర్వక నోటీసు ఇచ్చి సరఫరా ఆపవచ్చు. తాళం వేసిన ఇంటి గుమ్మంలో పడిన నోటీసు ఎవరి కంటా పడకపోతే ఆ గడువు కూడా అలాగే గడిచిపోతుంది. ఇల్లు అద్దెకు ఇస్తున్నప్పుడు, అద్దెకు దిగేవారు సామాను దించక ముందే మీటరు రీడింగును ఇద్దరూ చూసి, ఫోటో తీసి, అద్దె ఒప్పందంలో ఆ అంకె రాసుకోవడం మంచిది. అద్దెదారు బిల్లు ఎగ్గొట్టి వెళ్లిపోతే ఆ బకాయి సర్వీసు నంబరును పట్టుకుని ఇంటి యజమాని మీదికే వస్తుంది.

ఇంటి పన్నును పట్టణాల్లో ఆరు నెలలకొకసారి, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక విడత, అక్టోబరు నుంచి మార్చి వరకు మరో విడతగా లెక్కిస్తారు. ఏడాది మొత్తాన్ని ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ ఉంది. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. అంటే మరచిపోయిన పన్ను ఒక్క ఏడాదిలో దాదాపు పావు వంతు పెరుగుతుంది. కరెంటు బిల్లునూ ఇంటి పన్నునూ 2025 జనవరిలో మొదలైన మనమిత్ర వాట్సాప్ సేవ ద్వారా కూడా కట్టవచ్చు కాబట్టి, సర్వీసు నంబరు, అసెస్‌మెంటు నంబరు ఒక కాగితం మీద రాసుకుని వెంట తీసుకెళితే చాలు. అయితే అసెస్‌మెంటు ఇంకా తండ్రి పేరు మీదో తాత పేరు మీదో ఉందేమో చూసుకోవాలి. ఆ పేరు మార్పు మనిషి ఊళ్లో ఉన్నప్పుడు సులువుగా జరిగే పని.

గ్యాసు కనెక్షను విషయంలో, ఇల్లు మొత్తం ఖాళీ చేస్తున్నట్లయితే సిలిండరును, రెగ్యులేటరును, మొదట ఇచ్చిన వోచరును ఏజెన్సీలో అప్పగిస్తే అప్పట్లో కట్టిన డిపాజిట్టు తిరిగి ఇస్తారు. ఇంటర్నెట్ కనెక్షనుకు రూటరు అప్పగించి రసీదు తీసుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి వాటంతట అవే పోయే కిస్తులు, చందాలు ఏమున్నాయో ఒకసారి వెతికి, అక్కరలేనివి రద్దు చేయాలి. ఈ మూడూ ఒక్క పూట పనే.

అప్పులు, హామీలు

చాలామందికి ప్రయాణపు ఖర్చే మొదటి అప్పు అవుతుంది. పదో తరగతి పూర్తికానివారికి సాధారణంగా ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో కువైట్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే వలస అనుమతి, తప్పనిసరి. రిజిస్టరయిన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే; రసీదు ఇవ్వాలి. ఈసీఆర్ కార్మికులకు తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఈ పరిమితికి ఎన్నో రెట్లు అడిగే మధ్యవర్తి కోసం నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి నోటు రాసే కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది. అక్కడి మొదటి ఏడాది జీతం ఇక్కడి వడ్డీకే పోతుంది.

ప్రోనోటు గురించి మన ప్రాంతంలో గట్టిగా పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది: మూడేళ్లు దాటితే నోటు చెల్లదని. ఇక్కడే ఉన్న మనిషి విషయంలో ఆ మూడేళ్ల గడువు నిజమే. కానీ 1963 నాటి కాలపరిమితి చట్టం 15వ సెక్షనులోని 5వ ఉపసెక్షను, ప్రతివాది భారతదేశం బయట గడిపిన కాలాన్ని ఆ గడువు లెక్కలోంచి తీసివేయాలని చెబుతుంది. కువైట్‌లో ఆరేళ్లు ఉండి వచ్చిన మనిషి మీద పాత నోటుతో దావా వేయడానికి అప్పు ఇచ్చినవారికి ఇంకా సమయం మిగిలే ఉంటుంది. ఆ ఆరేళ్లకూ వడ్డీ కూడా నడుస్తుంది. అందువల్ల కాలం గడిస్తే అదే పోతుందన్న ఆశతో నోటును వదిలి వెళ్లకూడదు.

పూర్తిగా తీర్చగలిగితే అసలు నోటును చేతికి తీసుకోవాలి. దాని మీద రెవెన్యూ స్టాంపుపై ఉన్న మీ సంతకాన్ని మీరే కొట్టివేసి, వెనుక వైపు “మొత్తం ముట్టినది” అని తారీఖుతో, అప్పు ఇచ్చినవారి సంతకంతో రాయించుకుని దాచుకోవాలి. నోటు దొరకడం లేదని, తరువాత చింపేస్తామని చెబితే, ఆ మాటనే ఒక కాగితం మీద సాక్షి సంతకంతో రసీదుగా తీసుకోవాలి. కొంతే తీర్చగలిగితే నోటు వెనుక చెల్లు వేయించి, దాన్ని ఫోటో తీసుకోవాలి. ఇకపై డబ్బును చేతికి ఇవ్వడం మానేసి బ్యాంకు ద్వారా పంపితే ప్రతి చెల్లింపుకూ సాక్ష్యం దానంతట అదే ఏర్పడుతుంది. చుట్టరికం మధ్య ఇవన్నీ అడగడం మొహమాటంగా ఉంటుందని తెలుసు. అయినా అన్నదమ్ముల మధ్య, బావ బావమరుదుల మధ్య మాట చెడకుండా కాపాడేది ఆ కాగితమే.

సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులు నోటు కంటే ప్రమాదకరం. చెక్కు తిరిగొచ్చాక 30 రోజుల్లో నోటీసు ఇచ్చి, అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు వేయవచ్చు. ఖాతా మూసేస్తే చెక్కు చెల్లదనుకోవడం పొరపాటు. ఖాతా మూసివేశారన్న కారణంతో తిరిగొచ్చిన చెక్కుకూ ఇదే సెక్షను వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది. నోటీసు కడప చిరునామాకు వస్తుంది, సమన్లు కూడా అక్కడికే వస్తాయి, హాజరు కాకపోతే వారంటు పడుతుంది. సమన్లు గానీ వారంటు గానీ జారీ అయినట్లు అధికారుల దృష్టికి వస్తే 1967 పాస్‌పోర్టుల చట్టం కింద పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే వీలుంది. ఒక చిన్న ఫైనాన్సు దగ్గర వదిలేసిన చెక్కు, ఏళ్ల తరువాత విదేశంలో పాస్‌పోర్టు రెన్యూవల్ దగ్గర అడ్డుపడవచ్చునన్నమాట. ఖాళీ చెక్కులన్నీ వెనక్కి తీసుకోవాలి. రాకపోతే వాటి నంబర్లు చెప్పి తిరిగి ఇవ్వమంటూ స్పీడ్ పోస్టులో లేఖ పంపి, నకలు దాచుకోవాలి.

చీటీ పాడుకోనివారు తమ స్థానాన్ని, చీటీ నిర్వహించేవారి సమ్మతితో, రాతపూర్వకంగా మరొకరికి బదిలీ చేయవచ్చు. పాడుకున్నవారి పరిస్థితి వేరు. వాయిదాలు తప్పితే మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టమని అడిగే హక్కు 1982 చిట్ ఫండ్స్ చట్టం నిర్వాహకులకు ఇస్తుంది. అప్పుడు తలుపు తట్టేది హామీ సంతకం పెట్టిన స్నేహితుడి ఇంటిదే. రిజిస్ట్రేషను లేని వీధి చీటీలైతే బయలుదేరేలోగా లెక్క ముగించుకోవడం తప్ప మరో మార్గం లేదు. ఇదే కోణంలో మీరు ఎవరికైనా హామీ ఉన్నారేమో కూడా గుర్తుచేసుకోవాలి. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బ్యాంకును ఆశ్రయించి, వేరే హామీదారుడిని చూపించి, మిమ్మల్ని తప్పించినట్లు లేఖ తీసుకోవాలి.

బంగారు రుణం దగ్గర చూడవలసింది రుణం ఎవరి పేరు మీద ఉందన్నది. నగలు భార్యవైనా, రుణపత్రం మీద సంతకం భర్తదైతే, విడిపించే హక్కు ఆయనదే. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో విడుదల చేసి, 2026 ఏప్రిల్ 1లోగా అమలు కావాలని చెప్పిన నిబంధనల ప్రకారం, అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే వ్యక్తిగత అవసరాల బంగారు రుణానికి గడువు 12 నెలలు మించకూడదు. అప్పు తీరిన రోజే గానీ, గరిష్ఠంగా ఏడు పనిదినాల్లో గానీ నగలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి. వేలానికి ముందు నోటీసు ఇవ్వాలి. గడువు ఏడాదే కాబట్టి, రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లే మనిషి తాను లేని సమయంలోనే ఆ తేదీ వస్తుందని ముందే గ్రహించాలి. వీలైతే అప్పు తీర్చేసి వెళ్లాలి. వీలుకాకపోతే, ఈ రుణాన్ని మూసి, ఇక్కడే ఉండే భార్య పేరు మీద కొత్త రుణంగా తీసుకోవడం క్షేమం. డబ్బు కువైట్ నుంచి వచ్చినా, కౌంటరు దగ్గర నిలబడి తాకట్టు రసీదు ఇచ్చి నగలు తీసుకునే చెయ్యి ఆమెదే అవుతుంది.

బ్యాంకు ఒక లెక్క, ఆదాయపు పన్ను మరో లెక్క

ప్రవాస భారతీయుడు అన్న మాటకు రెండు చట్టాల్లో రెండు కొలతలు ఉన్నాయి. బ్యాంకులకు వర్తించే 1999 విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా, మనిషి ఏ ఉద్దేశంతో వెళ్లాడో చూస్తుంది. ఉద్యోగం కోసం దేశం విడిచిన రోజు నుంచే ఆ మనిషి ఫెమా దృష్టిలో ప్రవాసి. విదేశాలకు చదువుకు వెళ్లినవారిని కూడా అలాగే చూడాలని రిజర్వు బ్యాంకు 2003లో స్పష్టం చేసింది. ఆదాయపు పన్ను చట్టం మాత్రం రోజులు లెక్కపెడుతుంది. ఉద్యోగానికి వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి పన్ను దృష్టిలో ఇక్కడి నివాసే.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా జేబు మీద దాని ప్రభావం పెద్దది. మన ఉదాహరణలోని మనిషి సెప్టెంబరు మూడో వారంలో వెళితే ఆ ఏడాదికి ప్రవాసి అవుతాడు, కువైట్ జీతం ఇక్కడి పన్ను లెక్కలోకి రాదు. అదే డిసెంబరులో వెళితే ఆ ఏడాదికి నివాసిగానే ఉంటాడు కాబట్టి, జనవరి నుంచి మార్చి వరకు కువైట్‌లో వచ్చిన జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. కువైట్‌లో జీతం మీద పన్ను లేదు గనుక అక్కడ కట్టామని చూపి తగ్గించుకునే అవకాశం కూడా ఉండదు. ప్రయాణపు తేదీ మన చేతిలో ఉన్న సందర్భాల్లో ఈ లెక్క ఒకసారి చూసుకోవడం అవసరం.

బ్యాంకు విషయంలో చేయవలసిన పని ఒక్కటే, కానీ చాలామంది చేయనిదీ అదే. ఉన్న పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించాలి. అద్దె, పొలం కౌలు, ఇక్కడి వడ్డీ వంటి స్వదేశీ ఆదాయం అందులో జమవుతుంది. అక్కడి జీతాన్ని పంపుకోవడానికి విడిగా ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. దాని మీద వచ్చే వడ్డీకి ఫెమా ప్రకారం ప్రవాసిగా ఉన్నంతకాలం ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీపై మాత్రం బ్యాంకు 30 శాతం, దానిపై సెస్సు కోసుకుంటుంది. పాత ఖాతాను అలాగే వాడుకుంటూ పోవడం ఫెమా ఉల్లంఘన, దానికి జరిమానా విధించే అధికారం చట్టంలో ఉంది. కడప కేంద్రంగా పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు ఖాతాదారులు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది కాబట్టి, పాత పాస్‌బుక్కులోని వివరాలు కువైట్‌లో ఎవరికైనా రాసిచ్చే ముందు, కొత్త పాస్‌బుక్కు తీసుకుని సరిచూసుకోవాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్టు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. మార్పించడానికి బ్యాంకుకు వెళ్లిన రోజే ఆ వివరాలూ నింపవచ్చు.

అద్దె గురించి ఇంటి యజమానులకూ, అద్దెదారులకూ తెలియని నిబంధన ఒకటి ఉంది. పన్ను దృష్టిలో ప్రవాసి అయిన యజమానికి అద్దె కట్టేవారు, అద్దె ఎంత తక్కువైనా, 31.2 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. నెలకు 12,000 రూపాయల అద్దె అయితే 3,744 రూపాయలు కోయాలి. కోయకపోతే ఆ భారం అద్దెదారు మీద పడుతుంది. సంవత్సరపు అద్దె 1,44,000 రూపాయలు మాత్రమే, ఇక్కడ వేరే ఆదాయం లేదు అనుకుంటే, కొత్త పన్ను విధానంలో 4 లక్షల రూపాయల వరకు పన్ను లేదు గనుక, కోసిన మొత్తం రిటర్ను దాఖలు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. లేదా తక్కువ మినహాయింపుకు ముందుగానే పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. నివాసులకు 12 లక్షల వరకు ఉన్న రిబేటు ప్రవాసులకు లేదన్నది కూడా గమనించాలి. ఇల్లు మొదటి నుంచీ భార్య పేరు మీదే ఉండి, ఆమె ఇక్కడే నివసిస్తుంటే ఈ చిక్కు రాదు.

2024లో ఒక పుకారు విదేశాలకు వెళ్లేవారిని బాగా కంగారుపెట్టింది: ఆదాయపు పన్ను క్లియరెన్సు లేకుండా ఎవరూ దేశం దాటలేరని. ఆ ఏడాది ఆగస్టులో ప్రత్యక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. తీవ్రమైన ఆర్థిక అక్రమాల్లో ప్రమేయం ఉన్నవారికి, లేదా ఏ అధికారీ స్టే ఇవ్వని 10 లక్షల రూపాయలకు మించిన ప్రత్యక్ష పన్ను బకాయిలు ఉన్నవారికి మాత్రమే, అది కూడా ఉన్నతాధికారి కారణాలు రాసి అనుమతించాకే, ఆ ధ్రువపత్రం అడుగుతారు. మామూలు ఉద్యోగి దానికోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు.

పొదుపుల్లో పీపీఎఫ్ ఖాతాను గడువు తీరేదాకా కొనసాగించవచ్చు, పొడిగించడం కుదరదు. విదేశీ ఉద్యోగానికి వెళుతున్న కారణంతో ప్రావిడెంట్ ఫండ్ మొత్తం తీసుకునే వీలు ఉంది. జీవిత బీమా ప్రీమియానికి నెలవారీ అయితే 15 రోజులు, మిగతా వాటికి 30 రోజుల అదనపు గడువే ఉంటుంది.

వీటన్నిటికీ తాళం చెవి ఫోను నంబరు. బ్యాంకు, ఆధార్, పన్ను పోర్టల్ అన్నీ ఓటీపీని ఆ నంబరుకే పంపుతాయి. తొంభై రోజులు ఏ వాడకమూ లేకపోతే సిమ్ రద్దయ్యే ప్రమాదం ఉంది, ఆ తరువాత అదే నంబరు ఇంకెవరికో వెళుతుంది. కనీస రీఛార్జితో దాన్ని బతికించుకుని, రోమింగు పనిచేస్తున్నదో లేదో ఇక్కడే సరిచూసుకోవాలి. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకునే సౌకర్యం 2023 జనవరిలో పది దేశాలతో మొదలైంది. ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ ఉన్న ఆ తొలి జాబితాలో కువైట్ లేదు.

పొలం, బండి, సంతకం

పొలం విషయంలో మొదటి మాట ధైర్యం చెప్పేదే. ఇక్కడ నివాసిగా ఉన్నప్పుడు సంపాదించిన సాగుభూమిని ప్రవాసి అయ్యాక కూడా ఉంచుకోవచ్చు, వారసత్వంగానూ పొందవచ్చు. కొత్తగా సాగుభూమి కొనడానికి మాత్రం వీలులేదు. కౌలుకు ఇచ్చేవారు 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలు రైతుకు పంట రుణం, బీమా అందే దారి ఉంటుంది, యజమాని హక్కుకు భంగం ఉండదు. అసలు జాగ్రత్త రీసర్వే దగ్గర కావాలి. 2020 డిసెంబరులో మొదలైన ఈ సర్వేలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వస్తాయి. కొలతల రోజున గట్టు ఎక్కడుందో చూపించే మనిషి పొలంలో లేకపోతే, విస్తీర్ణం తేడా వచ్చిన సంగతి ఏళ్ల తరువాత తెలుస్తుంది. వెళ్లేలోగా 1-బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డుల నకళ్లు తీసుకుని, దస్తావేజులోని విస్తీర్ణంతో పోల్చి చూడాలి. పాస్‌పుస్తకం ఇంకా తండ్రి పేరు మీదే ఉంటే పంపకం, మ్యుటేషను పూర్తి చేసుకోవాలి.

మోటారు సైకిలును తమ్ముడికి ఇచ్చి వెళ్లడం మామూలే. కానీ ఆర్‌సీ పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం చెల్లించవలసింది రిజిస్టరులో పేరున్న యజమానేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది. అందువల్ల 29, 30 నంబరు ఫారాలతో పేరు మార్పించి, బీమాను కూడా ఆ పేరుకు బదిలీ చేయించాలి.

ఇక సంతకం సంగతి. పైన చెప్పిన ప్రతి పనికీ మీ స్థానంలో నిలబడే మనిషికి చట్టబద్ధమైన అధికారం ఇచ్చేది పవర్ ఆఫ్ అటార్నీ. దాన్ని ఎవరి పేరు మీద రాయాలన్నది కుటుంబంలో సున్నితమైన విషయం. తండ్రి ఉండగా భార్యకు ఇస్తే ఒక మాట, భార్య ఉండగా అన్నకు ఇస్తే ఇంకో మాట వస్తుంది. నా అభిప్రాయంలో, ఇంటి పనులకు ఒకరికి, పొలం పనులకు ఊళ్లో ఉండే మరొకరికి విడివిడిగా, చేయవలసిన పనులు పేరుపేరునా రాసి ఇచ్చే ప్రత్యేక పవరే మేలు. కరెంటు, మునిసిపల్, సచివాలయం పనులు చూడటం, అద్దె ఒప్పందం రాయడం, రీసర్వేలో హాజరు కావడం, నోటీసులు అందుకుని జవాబు ఇవ్వడం వంటివి అందులో ఉండాలి. అమ్మే, తాకట్టు పెట్టే అధికారం ఇవ్వడం లేదని స్పష్టంగా రాయాలి. అన్ని అధికారాలూ గుత్తగా ఇచ్చే జనరల్ పవర్ (జీపీఏ) కాగితం మీద సంతకం పెట్టమని ఎవరైనా తొందరపెడితే, ఆ తొందర ఎందుకో అడగవలసిందే. జీపీఏ మీద జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో చెప్పినా, అటువంటి కాగితాలు తెచ్చిపెట్టే తగాదాలు ఆగలేదు. పవర్ ఇచ్చినవారు మరణిస్తే అది అక్కడితో ముగుస్తుందని, బతికి ఉండగా రద్దు చేసే హక్కు సాధారణంగా వారికి ఉంటుందని ఇరువురికీ తెలిసి ఉండాలి. బ్యాంకు ఖాతా విషయంలో మాత్రం బ్యాంకు తన సొంత ఫారం మీద అధికారపత్రం అడుగుతుంది, దాన్ని విడిగా ఇవ్వాలి.

ఈ పత్రాన్ని మీరు నివసించే ప్రాంతపు సబ్ రిజిస్ట్రారు ముందు సంతకం చేసి ధ్రువీకరింపజేసుకుంటే పని ఇక్కడే పూర్తవుతుంది. టికెట్టు తేదీకి కనీసం నెల ముందు ఈ పని ముగిస్తే, మీరు ఊళ్లో ఉండగానే ఆ మనిషి చేత ఒక కరెంటు పనో, ఒక మునిసిపల్ పనో చేయించి, కాగితంలో ఏ మాట తక్కువైందో చూసుకోవచ్చు. తొందరలో రాయకుండానే వెళ్లిపోయినవారు కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో అధికారి ఎదుట సంతకం చేసి పంపవచ్చు. అలా విదేశంలో రాసిన పత్రం మన దేశంలో చేతికి అందిన మూడు నెలల లోపు దానికి ఇక్కడి స్టాంపు సుంకం చెల్లించాలని 1899 స్టాంపుల చట్టం 18వ సెక్షను చెబుతుంది. కాబట్టి కవరు వచ్చిన తేదీ తెలిసేలా దాన్ని పారేయకుండా ఉంచి, పత్రాన్ని ఆ గడువులోగా జిల్లా రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకెళ్లమని ఇంట్లోవారికి ముందే చెప్పి పంపాలి.